అన్వర్థ నామం

బిడ్డ పుట్టిన ఏడవ నాడు పేరు పెట్టడం మా ఇండ్లలో ఆచారం. ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలలో పదకొండవ నాడో, ఇరవై ఒకటవ నాడో నామకరణం జరుగుతుంది. దినం వేరైనా శ్రద్ధ ఒక్కటే. తాతగారి పేరు పెట్టాలా, దర్గాలో వెలసిన వలీ పేరు పెట్టాలా, అర్థం మంచిదేనా, పిలవడానికి వీలుగా ఉన్నదా అని ఇంటిల్లిపాదీ తర్కించుకుంటారు. అటువంటి ఇండ్ల నుండి వచ్చిన విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం, తాను సృష్టించిన రాశికి అరక్షణంలో 'ఎక్స్' అనో 'ఏ' అనో ఒక పేరు తగిలించి ముందుకు సాగిపోతాడు.

తెలుగు పాఠం చెప్పుకునేవానికి కంప్యూటరు ప్రోగ్రాములతో పని యేమని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. కొంతకాలం క్రితం వరకు నాకూ ఆ పని లేదు. ఒక కళాశాలలో నేను కన్నులారా చూసిన సంఘటన, మా ఇంటి బీరువాలో ఉన్న ఒక పాత నోటుపుస్తకం, ఈ రెండూ కలిసి నన్ను ఈ విషయం వైపు మళ్ళించినవి.

నేను ఒకప్పుడు పాఠం చెప్పిన ఆ కళాశాలలో హాజరు శాతం లెక్కకట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండేది. చదువు ముగించి వెళ్ళిపోయిన ఒక పూర్వ విద్యార్థి దానిని వ్రాసి ఇచ్చాడు. తెలివిగలవాడే. లెక్క సరిగానే వచ్చేది. ఒక సంవత్సరం వర్షాల వలన అదనంగా సెలవులు వచ్చి పనిదినాల లెక్క మార్చవలసి వచ్చింది. మార్చినవారు వేరొకరు. ఆ ప్రోగ్రాములో 'డి', 'డి1', 'డి2' అని మూడు రాశులున్నవి. మూడూ దినాలే. వాటిలో పనిదినాలేవో, విద్యార్థి వచ్చిన దినాలేవో పేరును బట్టి తెలిసే మార్గం లేదు. ఊహించి మార్చారు. ఊహ తప్పింది.

దాని ఫలితంగా, నూటికి డెబ్బై ఐదు హాజరు లేనివారి జాబితాలో ఒక అమ్మాయి పేరు చేరింది. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఆ పిల్ల తరగతి మానడం నేను ఎరుగను. పరీక్ష ఫీజు కట్టించుకోమని కార్యాలయంలో చెప్పగా, ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. కాగితపు రిజిస్టర్లు తెప్పించి, ఒక్కొక్క దినం లెక్కించి, తప్పు దిద్దడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆ తండ్రి కూలి మానుకుని కళాశాల వరండాలో కూర్చున్నాడు. ఆయనతో మేము చెప్పగలిగిన మాట ఒక్కటే: "కంప్యూటరులో ఏదో పొరపాటు జరిగింది." ఆ మాట నిజం కాదు. యంత్రం తనకు చెప్పిన పనిని చెప్పినట్లే చేసింది. పొరపడినవారు మనుష్యులు.

కంప్యూటరు శాఖలోని సహోద్యోగిని ఒకామె ఆ తరువాత నాతో, "మాస్టారూ, ఆ ప్రోగ్రాములో పేర్లన్నీ మార్చాలనుకుంటున్నాను. మాటల సంగతి మీకు తెలిసినంత మాకు తెలియదు. ఒక సాయంత్రం మాతో కూర్చుంటారా?" అన్నారు. ఒక సాయంత్రం అనుకున్నది రెండు సాయంత్రాలైంది. ఆమె ఒక్కొక్క వరుస చదివేవారు. "ఇది ఏమిటి?" అని నేను అడిగేవాణ్ణి. ఆమె ఒక వాక్యంలో చెప్పేవారు. ఆ వాక్యంలో నుండి ఒక మాట ఏరి ఇవ్వడం నా పని. ప్రోగ్రాము తెలియకపోవడమే ఆ రెండు సాయంత్రాలలో నాకు అర్హత అయింది. తెలిసినవారు అడగని ప్రశ్నను తెలియనివాడు అడుగుతాడు గదా!

'డి' అన్నది పనిదినాలు. 'డి1' అన్నది సెలవులు. 'డి2' దగ్గర మేము ఆగిపోయాము. ప్రోగ్రాము పై సగంలో అది విద్యార్థి హాజరైన దినాలు. క్రింది సగంలో అదే పేరుతో ఉన్నది శాతం. వ్రాసినవాడు కొత్త రాశి ఎందుకులే అని పాతదానిలోనే ఫలితాన్ని పోసేశాడు. నిన్న బియ్యం ఉన్న డబ్బాలో నేడు ఉప్పు పోసి, డబ్బా మీద చీటీ మార్చనట్లు! దానికి ఏ పేరు పెట్టినా సగం ప్రోగ్రాములో అబద్ధమే అవుతుంది. అప్పుడు నాకు ఒక సత్యం బోధపడింది. ఎంత వెదికినా ఒక వస్తువుకు పేరు దొరకనప్పుడు కొరత భాషలో ఉండదు, ఆ వస్తువు స్వరూపమే మన మనస్సులో తేలలేదన్నమాట. దానిని రెండు రాశులుగా విడదీసి, ఒకదానికి 'హాజరైన దినాలు', రెండవదానికి 'హాజరు శాతం' అని పేర్లు పెట్టగానే, మార్పు చేసినవారు ఎక్కడ పొరబడ్డారో మా ఇద్దరికీ ఒక్కసారే కనిపించింది. నాలుగు రోజులు వెదికినా దొరకని తప్పు పేరు మారగానే బయటపడింది.

తెలుగు మాధ్యమంలో గణితం చదివినవారు వేరియబుల్‌ను చలరాశి అనీ, ఫంక్షన్‌ను ప్రమేయం అనీ ఎరుగుదురు. ప్రోగ్రాములో చలరాశి ఒక విలువను దాచే గది. ప్రమేయం ఒక పనిని చేసిపెట్టే ఆజ్ఞల కట్ట. వీటికి పేరు పెట్టే ప్రశ్న మాకు, అంటే వ్యాకరణం చదువుకున్నవారికి, కొత్తది కాదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. ముందు పేర్లు, తరువాత సూత్రాలు. క, చ, ట, త, ప లు పరుషములు. గ, జ, డ, ద, బ లు సరళములు. పరుషమంటే కఠినం, సరళమంటే మృదువు. ఆ అక్షరాలను నోట పలికి చూస్తే పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇటువంటి పేరును అన్వర్థ సంజ్ఞ అన్నారు. అంటే, అర్థాన్ని అనుసరించిన పేరు.

పాణిని దగ్గరకు వెళితే రెండు రకాలూ కనిపిస్తాయి. 'సర్వనామ' అన్నది అన్వర్థం. 'టి', 'ఘు', 'భ' అన్నవి వట్టి గుర్తులు. ఎవరైనా చెప్పితే తప్ప 'ఘు' అంటే ఏ ధాతువులో ఊహకందదు. అంతటి మేధావి అంత పొట్టి పేర్లు ఎందుకు పెట్టాడు? ఆ శాస్త్రం కాగితం మీద కాదు, కంఠం మీద బ్రదికింది. నాలుగు వేల సూత్రాలను నోటికి నేర్చుకోవలసినవానికి ప్రతి అక్షరమూ బరువే. పొట్టి పేరు ఆనాటి అవసరం. దానికి తోడు, ఆ 'ఘు' అంటే ఏమిటో చెప్పే సూత్రం గ్రంథంలోనే ఉన్నది. చెప్పే గురువు ఎదురుగా ఉన్నాడు.

కంప్యూటర్ల తొలినాళ్ళలోనూ ఇదే జరిగింది. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాషలో పేరు ఆరు అక్షరాలకు మించరాదు. ఆనాటి ఐ.బి.ఎం. 704 యంత్రంలో ఒక గదికి ఆరు అక్షరాలే పట్టేవి. 'ఐ' నుండి 'ఎన్' వరకు గల అక్షరాలతో మొదలైన పేరు పూర్ణాంకానిదని అందులో నియమం. నేటికీ లెక్కించే రాశికి 'ఐ', 'జె' అని పేరు పెట్టే అలవాటుకు గణితంతో పాటు ఈ నియమమూ ఒక మూలం. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పుట్టిన బేసిక్ భాషలో మొదట ఒక అక్షరమో, అక్షరం పక్కన ఒక అంకెయో మాత్రమే పేరుగా చెల్లేది. వ్యాపారపు లెక్కల కోసం పుట్టిన కోబాల్ మాత్రం ముప్పై అక్షరాల పేరుకు చోటిచ్చింది. లెక్కల పుస్తకాన్ని నలుగురూ చదువవలసి ఉంటుందని వర్తకులకు తెలుసు కాబోలు! ఈనాటి యంత్రాలకు చోటుకు కొదువ లేదు. పొట్టి పేరుకు కారణమైన ఇరుకు పోయింది. అలవాటు మిగిలింది.

గణితం నుండి వచ్చిన 'ఎక్స్' కథ కూడా మన విద్యార్థులు తెలుసుకోదగినది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథం పేరు నుండే ఆల్జీబ్రా అన్న మాట, ఆయన పేరు నుండే అల్గారిథం అన్న మాట పుట్టినవి. ఆయన గ్రంథంలో గుర్తులే లేవు. తెలియని రాశిని 'షయ్', అంటే వస్తువు అన్నాడు. దాని వర్గాన్ని 'మాల్', అంటే ధనం అన్నాడు. అంతకు ముందే, 628లో మన బ్రహ్మగుప్తుడు అనేక అవ్యక్త రాశులకు రంగుల పేర్లు పెట్టాడు. 1637లో ఫ్రాన్సు దేశపు దెకార్త్ వర్ణమాల చివరి అక్షరాలను తెలియని రాశులకు వాడిన తరువాత 'ఎక్స్' స్థిరపడింది. ఒక పుటలో మొదలై అదే పుటలో ముగిసే లెక్కకు అది చాలు. కాని వేయి వరుసల ప్రోగ్రాము, పదేళ్ళు బ్రదికే ప్రోగ్రాము, ఒకరు వ్రాయగా పదుగురు మార్చే ప్రోగ్రాము ఒక పుట లెక్క కాదు.

అలాగని ప్రతి పేరూ పొడుగ్గా ఉండాలని నా భావం కాదు. ఇంట్లో పిల్లవాణ్ణి 'బుజ్జీ' అని పిలుస్తాము. ఇంటి గడప లోపల ఆ పేరుతో ఎవరికీ చిక్కు లేదు. బడి రిజిస్టరులో 'బుజ్జి' అని వ్రాయిస్తే పనికిరాదు. మూడు వరుసలలో పుట్టి మూడు వరుసలలో ముగిసే రాశికి 'ఐ' చాలు. ప్రోగ్రాము అంతటా తిరిగే రాశికి పూర్తి పేరు కావాలి. తిరిగే మేర పెరిగిన కొద్దీ పేరుకు స్పష్టత పెరగాలి.

మా ప్రాంతంలో పేర్ల పాఠం వీధి వీధినా ఉన్నది. గుంటూరు సన్నం మిరపకాయకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 'సన్నం' అన్న మాట కాయ రూపాన్ని కళ్ళకు కడుతుంది. మన లాం పరిశోధనా స్థానం ఇచ్చిన మరొక రకాన్ని రైతులు '334' అని పిలుస్తారు. యార్డులో రోజూ తిరిగేవారికి ఆ అంకె వినగానే కాయ కనిపిస్తుంది. కొత్తవానికి ఏమీ కనిపించదు. మా నల్లపాడు సంగతీ అంతే. ఊరి పేర్ల చివర వచ్చే 'పాడు'కు ప్రాచీనంగా ఊరు, పల్లె అని అర్థం. చుట్టూ ఉన్న నల్లరేగడి చూసినవారికి ఆ పేరు వింతగా తోచదు. అయినా పై ఊరి నుండి వచ్చిన మిత్రుడు, "పాడుబడిన ఊరా?" అని అడిగాడు. అర్థం మరచిపోతే మంచి పేరు కూడా దారి తప్పిస్తుంది.

ఇక గుంటూరులో కొత్తపేట ఎంతకాలంగా కొత్తదో ఆలోచించండి! విద్యార్థులు వ్రాసే ప్రోగ్రాములలో 'లెక్క', 'కొత్త లెక్క', 'చివరి లెక్క', 'చివరి లెక్క 2' అనే ప్రమేయాలు చూశాను. 'తాత్కాలికం' అని పేరు పెట్టిన రాశి శాశ్వతంగా ఉండిపోవడమూ చూశాను. ఏళ్ళ తరబడి తాత్కాలిక అధ్యాపకులుగా పనిచేసిన నా మిత్రులకు ఇందులో వింత కనిపించకపోవచ్చు.

వ్యాకరణం మనకు మరికొన్ని సదుపాయాలు ఇస్తుంది. రాశి ఒక వస్తువు కనుక దానికి నామవాచకం తగినది. ప్రమేయం ఒక పని కనుక దానికి క్రియ తగినది. 'హాజరు శాతం' రాశి. 'హాజరు శాతం లెక్కించు' ప్రమేయం. అవును, కాదు అని మాత్రమే బదులు చెప్పే రాశికి తెలుగులో అందమైన ఉపాయం ఉన్నది. చివర ఒక దీర్ఘం చేర్చితే చాలు: 'హాజరు సరిపోయిందా'. చదివినవానికి అది ప్రశ్న అనీ, జవాబు రెండింటిలో ఒకటనీ వెంటనే తెలుస్తుంది. 2008లో వచ్చిన పైథాన్ మూడవ అవతారం నుండి తెలుగు అక్షరాలతోనే, ఉర్దూ అక్షరాలతోనే పేర్లు వ్రాసుకునే వీలున్నది. ఏ భాషలో వ్రాయాలన్నది రేపు దానిని చదివేవాడు ఎవరన్న దానిని బట్టి నిర్ణయించుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాటను ఒకచోట ఒక విధంగా, మరొకచోట మరొక విధంగా వ్రాయడం మాత్రం తగదు. ఒక వస్తువుకు ఒకే పేరు ఉండాలి.

కొలతలు ఉన్నచోట పేరులో కొలమానం కూడా చెప్పడం క్షేమం. మన జిల్లాలో 'బరువు' అంటే ఏమిటి? మిరపకాయలు టిక్కీలలో వస్తాయి. ధర క్వింటాలుకు పలుకుతుంది. గింజ తీయని పత్తి క్వింటాళ్ళలో, గింజ తీసిన దూది కాండీలలో అమ్ముడవుతుంది. కాండీ అంటే సుమారు 356 కిలోలు. 'బరువు కిలోలలో' అని వ్రాస్తే పోయేదేమున్నది? అమెరికావారు అంగారక గ్రహానికి పంపిన వాతావరణ పరిశోధక నౌక 1999లో గమ్యం చేరిన నాడే నశించింది. ఒక బృందం ప్రోగ్రాము పౌండ్లలో ఇచ్చిన అంకెలను మరొక బృందం న్యూటన్ల లెక్కగా స్వీకరించడం అందుకు మూలకారణమని విచారణలో తేలింది. అంకె సరైనదే. ఆ అంకె దేనిదో చెప్పే మాట వెంట లేదు.

ఇప్పుడు మా ఇంటి నోటుపుస్తకం సంగతి చెప్పుతాను.

మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తా. ఆయన వ్రాసిన చిట్టా, ఆవర్జా నేను చిన్నతనంలో చూశాను. రైతు పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, టిక్కీలు ఎన్ని, నికర తూకం ఎంత, జమ ఎంత, ఖర్చు ఎంత అన్నీ ముత్యాల వంటి అక్షరాలలో ఉండేవి. నేను ఎం.ఏ. చదువుతున్న రోజులలో ఆయన హఠాత్తుగా గుండెపోటుతో వెళ్ళిపోయారు. కొట్టులో ఆయన స్థానంలోకి వచ్చిన గుమాస్తా మరునాడు ఉదయం ఆవర్జా తెరిచి, ఎవరినీ ఏమీ అడుగకుండా పని సాగించాడు.

ఇంట్లో మాత్రం అలా జరగలేదు. చేబదుళ్ళు వ్రాసుకోవడానికి ఆయన వద్ద ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. అది ఆయన తన కోసమే వ్రాసుకున్నది. అందులో ఒక పద్దు: 'షే. మ. – ఇ. – 3,000'. షే. అంటే షేక్. మ. అంటే మస్తానో, మౌలాలీయో, మీరా పేరును తప్పుగా చదివానో, మహబూబో! మా పేటలో సగం మంది షేక్‌లే. ఇక 'ఇ.' అంటే ఇచ్చినదా? ఇవ్వవలసినదా? మొదటిదైతే మాకు రావలసిన సొమ్ము, పోయినా బాధ లేదు. రెండవదైతే మా తండ్రి మెడ మీద ఉన్న ఋణం. చనిపోయినవారి అప్పు తీరిన తరువాతనే వారసులకు ఆస్తి అని మా ధర్మం. ఖురాన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన ఆయత్, అల్ బఖరా అధ్యాయంలో 282వది, నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు వ్యవహారాన్ని వ్రాసి ఉంచుకోవడం గురించి. నాన్నగారు వ్రాసే ఉంచారు. చదివేవారికి అర్థమయ్యేటట్లు వ్రాయలేదు.

జనాజా నమాజుకు ముందు, ఆయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేము తీరుస్తామని మా బాబాయి ప్రకటించారు. ఇద్దరు వచ్చారు. వారి బాకీలు తీర్చాము. ఆ ఇద్దరి పేర్లకూ ఈ పద్దు కుదరలేదు. తరువాత నేను ఆ రెండక్షరాలకు కుదిరే పేరు గల పదకొండు ఇండ్లకు వెళ్ళి అడిగాను. కొందరు జ్ఞాపకం లేదన్నారు. ఒక వృద్ధురాలు, "ఉన్నా లేకపోయినా మాఫ్ చేశాను, పో బేటా" అన్నది. చివరకు ఒక ఆలిమ్ గారి సలహాపై, బాకీయే అనుకుని, ఆ పేరు తెలియని మనిషి తరఫున ఆ మొత్తాన్ని పేదలకు పంచాము. ఆయన ఎప్పుడైనా వచ్చి అడిగితే మళ్ళీ ఇవ్వవలసినదే. ప్రతి రంజాన్ మాసంలో ఆ పుట తెరిచి చూస్తాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఒకే మనిషి, ఒకే చేతివ్రాత. కొట్టు పుస్తకాన్ని ఇతరులు చదువుతారని తెలుసు కనుక పూర్తిగా వ్రాశారు. ఇంటి పుస్తకాన్ని తానే చదువుతానని అనుకున్నారు కనుక పొడి అక్షరాలు వేశారు. 'డి2' అని వ్రాసిన విద్యార్థి కూడా అలాగే అనుకొని ఉంటాడు. యంత్రానికి పేరుతో పని లేదు. 'హాజరు శాతం' అన్నా, 'డి2' అన్నా దానికి ఒక్కటే. వ్రాసేనాడు వ్రాసేవానికీ పేరుతో పని లేదు, అంతా మనస్సులో ఉన్నది. పేరు అవసరమయ్యేది మూడవవానికి. అతడు మనం అక్కడ లేనప్పుడు వస్తాడు. అతనికి మనం అప్పగించే అమానతు ఆ పేరే. మూడు నెలలు గడిచిన తరువాత తన ప్రోగ్రామును తానే తెరిచే విద్యార్థి కూడా ఒక విధంగా ఆ మూడవవాడే.

కనుక విద్యార్థి మిత్రులారా, మీరు ఒక రాశికి పేరు పెట్టే ముందు, ఆ వరండాలో కూర్చున్న తండ్రిని ఒక్కసారి తలచుకోండి. పేరు తోచకపోతే, అది ఏమిటో పక్కవానికి ఒక వాక్యంలో చెప్పి చూడండి. ఆ వాక్యంలోనే పేరు ఉంటుంది. వాక్యమే రాకపోతే, పేరు కోసం కాదు, ఆ వస్తువు కోసం మళ్ళీ ఆలోచించండి.

మొన్న ఒక ఇరుగింటాయన వద్ద అయిదు వందలు చేబదులు పుచ్చుకుని, నా పుస్తకంలో ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, తారీకు వ్రాసి, 'నేను ఇవ్వవలసినది' అని చేర్చాను. పక్కన నిలబడి చూస్తున్న మా అబ్బాయి, "ఇంత పొడుగెందుకు అబ్బా? నీకు తెలుసు గదా!" అన్నాడు.

"నాకు తెలుసు. నీకు తెలియాలి గదా!" అన్నాను.